మంచు ఎత్తు కొలిచినవాళ్ళు

నాకు మంచు తెలియదు. పుట్టింది రాజమండ్రిలో, బతుకుతున్నది సింగపూర్‌లో. రెండుచోట్లా నేను చూసింది ఐసు ముక్కే. అది సోడా బండి మీదో ఫ్రిజ్ పై అరలోనో ఉంటుంది. అయినా పదేళ్ళుగా రైల్లో నేను చదివేదంతా ధ్రువాల వైపు నడిచిన పాతకాలపు మనుషుల గురించే. ఇల్లు జురాంగ్ వెస్ట్‌లో, పని టోవా పాయోలో. పోను గంట, రాను గంట. చుట్టూ జనం ఫోన్లలో వంటల వీడియోలు చూస్తుంటే నేను మంచు మీద లాగే జారుడు బళ్ళ వెనక నడుస్తుంటాను. సాహసాల మీద మోజు అనుకోకండి. ప్లాట్‌ఫాం మీద ఏసీ కాస్త ఎక్కువైతే తుమ్ములొచ్చే మనిషిని. నన్ను పట్టుకున్నది ఒకే ఒక్క సంగతి. మీద నిలబడితే ఎటు చూసినా చదునుగా కనిపించే దాని అసలు ఆకారం ఏమిటో మనిషి ఎలా కనిపెట్టగలిగాడు?

ఆ ప్రశ్న నా వృత్తి నుంచే వచ్చింది. నేను సర్వేయర్ని. పాత ఫ్లాట్ల కింద నుంచి సొరంగం తవ్వుతున్నప్పుడు ఆ ఫ్లాట్లు కుంగుతున్నాయా లేదా అని కొలవడం నా పని. బ్లాకుల గోడలకు అడుగున ఉక్కు మేకులు దిగ్గొట్టి ఉంటాయి. వాటి ఎత్తు మళ్ళీ మళ్ళీ కొలుస్తాం. లెక్కంతా మిల్లీమీటర్లలో. బంధువులకు చెబితే నవ్వుతారు. పది మిల్లీమీటర్లు దిగితే పై అంతస్తులో ఆంటీ తలుపు మూసుకోదనీ, ఆమె ముందు నా దగ్గరికే వస్తుందనీ వాళ్ళకు తెలియదు.

కొలిచే పద్ధతి చెప్పడం తేలిక. దూరంగా, కదలని చోట ఒక గుర్తు ఉంటుంది. అక్కడ మొదలుపెడతాం. నేను మూడుకాళ్ళ స్టాండు మీద లెవెల్ పరికరం పెట్టి అందులోంచి చూస్తాను. అవతల ఒక మనిషి నిలువెత్తు కొలబద్ద నిటారుగా పట్టుకుంటాడు. దాన్ని స్టాఫ్ అంటాం. అంకె చదువుతాను, పుస్తకంలో రాస్తాను, ముందుకు జరుగుతాం. మేకులన్నీ చుట్టి మళ్ళీ బయల్దేరిన గుర్తు దగ్గరికే వస్తాం. ఎక్కినదీ దిగినదీ కూడితే సున్నాకి దగ్గరగా రావాలి. వస్తే లెవెల్ క్లోజ్ అయినట్టు. రాకపోతే దారిలో ఎక్కడో తప్పు దొర్లినట్టు, మళ్ళీ మొదటినుంచి కొలవాలి, మా మాటలో కొట్టాలి. పుస్తకంలో రబ్బరు వాడకూడదు. తప్పు అంకెను ఒక్క గీతతో కొట్టేసి, కింద కనిపించేలాగే ఉంచి, పైన సరైనది రాయాలి. మా పనిలో దేవుడూ శాస్త్రమూ ఏమైనా ఉంటే అవి ఇంతే.

నాకు స్టాఫ్ పట్టేది జగిత్యాల దగ్గరి ఊరి మనిషి. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. వర్క్ పర్మిట్ మీద వచ్చి పదిహేడేళ్ళయింది. అందులో ఆరేళ్ళు నా ఎదురుగానే నిలబడ్డాడు. నేను అన్నా అంటాను, ఆయన సార్ అంటాడు. గాలిలోనూ స్టాఫ్‌ని గోడలా నిలబెడతాడు. పెద్దగా మాట్లాడడు. రోజంతా ఇద్దరం ఇరవై, ముప్పై మీటర్ల దూరంలో, చేతి సైగలతో గడిపేవాళ్ళం. కొన్ని కాపురాలు కూడా అంత సాఫీగా సాగవు.

గత సంవత్సరం మా డిజిటల్ పరికరం పరీక్షకు వెళ్ళింది. దాన్ని ఏటా పంపించాలి. ఆ రెండు వారాలు పాత పరికరంతో పని. కంటితో చూడాలి, చేత్తో రాయాలి. ఒక గురువారం, వారానికోసారి కొలిచే బ్లాకుల వరస మొదలుపెట్టగానే మబ్బు కమ్మింది. చినుకుల్లో పుస్తకం తడుస్తుందని అంకెలన్నీ ఒక అట్టముక్క మీద రాసుకున్నాను. చుట్టి వచ్చాక బ్లాకు కింది ఖాళీ జాగాలో, రాతి బల్ల మీద కూర్చుని కూడితే ఐదు మిల్లీమీటర్లు తేడా వచ్చింది.

అన్న స్టాఫ్ తుడుస్తూ అడిగాడు. "మళ్ళ కొడుదమా సార్?"

మళ్ళీ కొడితే మూడు గంటలు. మధ్యాహ్నానికల్లా రిపోర్టు పంపాలి. వాన పెద్దదవుతోంది. పైగా తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసనిపించింది. లిఫ్టు దగ్గర వెలుతురు చాల్లేదు. అక్కడ ఎనిమిదిని మూడుగా చదివి ఉంటాను.

"అక్కర్లేదన్నా, క్లోజ్ అయింది" అన్నాను.

అట్టముక్క చూసి అంకెలన్నీ పుస్తకంలోకి నీటుగా ఎక్కించాను. లిఫ్టు దగ్గరి మూడును ఎనిమిది చేశాను. తేడా సున్నా. నిజానికి లెవెల్ ఎప్పుడూ సరిగ్గా సున్నాకి రాదు, అర మిల్లీమీటరో పావు మిల్లీమీటరో మిగులుతుంది. అనుభవం ఉన్న సర్వేయరు ఎవరైనా ఆ సున్నా చూసి ముక్కు చిట్లించేవాడు. రిపోర్టు చూసే మేనేజరు సర్వేయరు కాదు, ఇంజనీరు. ఆయనకు సున్నా ముచ్చటగా కనిపించింది.

వారం తిరిగింది, డిజిటల్ పరికరం తిరిగొచ్చింది. కొలిస్తే ఒక బ్లాకు మూల మేకు ఐదు మిల్లీమీటర్లు దిగినట్టు చూపించింది. వారంలో ఐదు అంటే ప్రమాద ఘంటిక మోగించాల్సిందే. సొరంగం తవ్వే యంత్రం ఆగింది. తెల్ల హెల్మెట్లు గుంపుగా వచ్చి ఆ గోడను తడిమి చూశాయి. రెండు రోజుల్లో మూడుసార్లు కొలిచాం. మేకు వెంట్రుకవాసి కదల్లేదు. అంటే ఇప్పటి కొలత తప్పు కాదు, పోయిన వారందే తప్పు.

ఆ రాత మళ్ళీ చూడగానే నాకు బోధపడింది. నేను అంకె తప్పు చదివింది లిఫ్టు దగ్గర కాదు, దానికంటే ముందు, కిరాణా కొట్టు మూల మీద. తప్పు ఒకచోట, దిద్దుబాటు ఇంకోచోట. ఆ రెండింటి మధ్య ఉన్నది ఒక్కటే మేకు. ఆ మేకు కాగితం మీద ఐదు మిల్లీమీటర్లు పైకి లేచింది. మిగతావన్నీ బుద్ధిగా ఉన్నాయి.

మేనేజరు నా పుస్తకం తెరిచాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తమిళుడు, చెడ్డవాడు కాదు, తొందర మనిషి. లెవెల్ క్లోజ్ అయింది కాబట్టి చదవడంలో తప్పు లేదన్నాడు. చదవడంలో తప్పు లేకుండా ఒక్క మేకే తేడాగా ఉందంటే స్టాఫ్‌ని తప్పుచోట పెట్టి ఉండాలన్నాడు. నిజమే, ఆ మేకు పక్కన ఎప్పటిదో పాత మేకు ఇంకొకటి ఉంది, కాస్త ఎత్తుగా. "రాంగ్ నెయిల్, లా" అని సింగపూర్ యాసలో అంటూ నావైపు చూశాడు. ఆయన తర్కంలో లోపం లేదు. దాని కింద పునాది మాత్రం నేను రాసిన సున్నా.

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఒక్క మాట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఎందుకన్నానో నాకు స్పష్టంగానే తెలుసు. భయం వేసింది. కుంగుదల రికార్డు దిద్దాడంటే సర్వేయరు ఉద్యోగమే కాదు, ఈ దేశంలో ఉండే పాసు కూడా పోవచ్చు. అన్న పర్మిట్ ఆ నెలాఖరుకు రెన్యూ కావాలి. ఏ మేకో తెలియని మనిషికి ఎందుకు రెన్యూ చెయ్యాలని మేనేజరు నా ఎదురుగానే అన్నాడు. ఆ వయసులో పంపించేస్తే మళ్ళీ తీసుకొచ్చేవాడు ఎవడూ ఉండడు. అదీ నాకు తెలుసు. తెలిసే బయటికి వచ్చాను.

ఈ గొడవకు ముందే ఒక ప్రసంగానికి ఒప్పుకుని ఉన్నాను. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు పని చేసే హైదరాబాదీ మిత్రుడొకాయన ఉన్నాడు. మన వలస కార్మికులు ఉండే డార్మిటరీలో నెలకో ఆదివారం తెలుగులో అరగంట మాటలు పెట్టిస్తుంటాడు. ఒకసారి షుగరు వ్యాధి, ఒకసారి ఫోన్ మోసాలు. "ఈసారి మీరే భాయ్, సర్వే గురించి చెప్పండి" అన్నాడు. సర్వే వాళ్ళకు నాకంటే బాగా తెలుసు, మంచు గురించి చెబుతానన్నాను. "మంచా?" అన్నాడు. "ఠీక్ హై భాయ్, ఆ హాల్లో ఏసీ లేదు, మాటలైనా చల్లగా ఉంటాయి."

మా ఆవిడ మరో మాట అంది. "చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా? ఎండలో మాడేవాళ్ళను ఆదివారం కూడా వదలరన్నమాట."

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. కొందరు స్నానం చేసి తల దువ్వుకుని వచ్చారు. కొందరు క్యారమ్ బోర్డు దగ్గర నుంచి లేవకుండానే చెవులు ఇటు పెట్టారు. మూడో వరసలో అన్న, ఆయన ఉండేది ఆ డార్మిటరీలోనే. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వస్తాడని నేను అనుకోలేదు. మేనేజరు ఆయన్ను పిలిచి ఏం మాట్లాడాడో నాకు తెలియదు, నేను అడగలేదు. రోజూ ఇద్దరం పనిలోకి వెళ్ళేవాళ్ళం. ఆయన ఎప్పటిలాగే స్టాఫ్ పట్టేవాడు.

నేను గ్రీన్‌లాండ్‌తో మొదలుపెట్టాను. మన దేశంలో మూడింట రెండు వంతులుండే ద్వీపం. అంచుల్లో రాళ్ళూ కొద్దిపాటి ఊళ్ళూ తప్ప మిగతాదంతా మంచు కప్పేసి ఉంటుంది. చాలాకాలం దాని లోపల ఏముందో ఎవరికీ తెలియదు. మంచు అంచుల్లోనే ఉంటుంది, దాటి లోపలికి పోతే పచ్చటి నేల ఉంటుందని పెద్ద పెద్ద చదువులవాళ్ళే నమ్మారు. చూడని చోటు కాబట్టి ఎవరికి నచ్చింది వాళ్ళు ఊహించుకున్నారు.

ఒక యాత్రా బృందం నాయకుడు పడమటి తీరం నుంచి జారుడు బళ్ళతో లోపలికి బయల్దేరాడు. కొంతదూరం వెళ్ళాక బళ్ళు బురద మంచులో కూరుకుపోయాయి. తనతో వచ్చిన ఇద్దరు పనివాళ్ళను ముందుకు పంపాడు. వాళ్ళు యూరప్ ఉత్తరపు కొసన జింకలు కాసేవాళ్ళు, మంచు మీద చెక్కలు కట్టుకుని జారడం పుట్టుకతో వచ్చినవాళ్ళు. రెండున్నర రోజుల్లో తిరిగొచ్చారు. ఎంతో దూరం పోయామనీ, ఎటు చూసినా మంచే తప్ప పచ్చదనం లేదనీ, నేల ఇంకా పైకే పోతోందనీ చెప్పారు. వాళ్ళు చెప్పిన దూరం విని స్వదేశంలో పెద్దమనుషులు నవ్వారు. అంత తక్కువ సమయంలో అంత దూరం మనిషి పోలేడు, వీళ్ళు అబద్ధమాడుతున్నారన్నారు.

"కూలోళ్ళ మాట ఎవడు నమ్ముతాడండి" అన్నాడు వెనక నుంచి శ్రీకాకుళం వైపు మనిషి. అందరూ నవ్వారు.

ఆ నాయకుడు మాత్రం ఊరుకోలేదు. తన మనుషుల మాట నిలబడాలని, దాదాపు అంతే దూరానికి ఒక పందెం పెట్టించాడు. ఆ ఇద్దరిలో ఒకతను ఆ పందెంలో అందరికంటే ముందు వచ్చాడు. అంతటితో నోళ్ళు మూతపడ్డాయి. పదేళ్ళుగా ఈ కథ చదువుతున్నాను, చదివిన ప్రతిసారీ ఆ నాయకుడి చోట నన్ను ఊహించుకునేవాణ్ణి. ఆరోజు మధ్యలో ఆపి నీళ్ళు తాగాను. అన్న మొదటిసారి నవ్వడం కనిపించింది.

తర్వాత ఆరుగురి కథ చెప్పాను. వాళ్ళు కావాలనే తూర్పు తీరం నుంచి బయల్దేరారు. తూర్పున మనుషులు దాదాపు లేరు, ఊళ్ళన్నీ పడమట ఉన్నాయి. వెనక్కి తిరిగితే తిండి లేదు, ముందుకు పోతేనే బతుకు. మొదట నిటారు ఎక్కుడు, పగుళ్ళు. కొన్నాళ్ళకు వాలు తగ్గింది. ఇంకొన్నాళ్ళకు ఇంకా తగ్గింది. చివరికి ఎక్కుతున్నారో దిగుతున్నారో కాళ్ళకు తెలియని చదును. శిఖరం లేదు, గుర్తు లేదు, చెట్టు లేదు.

"మరి తిండికేటి సేసినారండి?" మళ్ళీ శ్రీకాకుళమే.

ఎండు మాంసం అన్నాను. నూనె లేని ఆ తిండి తిని తిని, కొవ్వు కోసం కలలు కన్నారని చెప్పాను. దానికి సానుభూతిగా చాలా తలలు ఊగాయి. వాళ్ళ డబ్బాల్లో వచ్చే క్యాటరింగ్ కూర గుర్తొచ్చి ఉంటుంది.

ఎత్తు ఎలా తెలిసిందంటే, రెండు సంగతుల వల్ల. గాలి బరువు కొలిచే పరికరం ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. ఇంకోటి నీళ్ళు. ఎత్తుకు పోయేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయి. మంచు కరిగించి, మరిగించి, అందులో థర్మామీటర్ పెట్టి చూసేవాళ్ళు. చేతివేళ్ళు కొంకర్లు పోతున్నా అంకెలు రాసుకునేవాళ్ళు. అలా ఒక్కో మజిలీకి ఒక్కో అంకె. నడిచినన్నాళ్ళూ వాళ్ళకు చదునే కనిపించింది. అంకెల్ని వరసగా పెడితే మాత్రం ఆకారం బయటపడింది. అంచుల్లో నిటారుగా లేచి, పోనుపోను వాలు తగ్గి, నడుమ దాదాపు చదునైపోయిన, బోర్లించిన మూకుడు. ఒక తీరం నుంచి ఇంకో తీరం దాకా మంచే. పచ్చటి నేల లేదు. కాపరులు చెప్పిందే నిజం.

ఇంకో తరం గడిచాక ఇంకొందరు వెళ్ళి మంచులో చిన్న మందుగుండు పేల్చి, ఆ చప్పుడు అడుగున రాతికి తగిలి ఎంతసేపటికి తిరిగొస్తుందో లెక్కపెట్టారు. అప్పుడు అడుగు కూడా తెలిసింది. నడుమ ఆ మంచు మందం కిలోమీటర్లలో ఉంది. అంత బరువు మోసి మోసి కింద నేల పళ్ళెంలా కుంగిపోయింది. కుంగుదల అనేసరికి మా వాళ్ళలో కొందరు నిటారుగా కూర్చున్నారు. అది వాళ్ళకు తెలిసిన విషయం.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నాను. అన్న చెయ్యెత్తాడు. ఆరేళ్ళలో ఆయన నన్ను అడిగిన ప్రశ్నలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"వాళ్ళు తిరిగి రాలేదంటిరి గద సార్. బయల్దేరిన కాడికి రాకుంటె లెవెల్ ఎట్ల క్లోజ్ చేసిండ్రు?"

ఎవరూ అడగని ప్రశ్న అది. పుస్తకాలు రాసినవాళ్ళూ అడగలేదు, పదేళ్ళుగా చదువుతున్న నేనూ అడగలేదు. జవాబు కూడా ఆయనే అందించాడు.

"ఆ కొసకు గూడ సముద్రమే గద సార్. ఈడ సున్నాతోని మొదలువెట్టిండ్రు, ఆడ దిగేటాల్లకు సున్నా రావాలె. గంతే గద?"

అంతేనన్నాను. హాల్లో ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. ఆయన సిగ్గుపడ్డాడు గానీ కూర్చోలేదు.

"మరి ఆ కొసకు తేడా వస్తె?"

"వచ్చింది" అన్నాను. "గాలి బరువు వాతావరణంతో మారుతుంది. వాళ్ళ అంకెలన్నిట్లోనూ ఎంతోకొంత తేడా ఉంది."

"అప్పుడేం జేసిండ్రు సార్?"

నలభై మంది వింటున్నారు. దొంగకు తేలు కుట్టినట్టుంది నా పని. ఏమీ తెలియని ముఖంతో ఆయన నిలబడి ఉన్నాడు. నిజంగానే ఏమీ తెలియదు. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గులో కొంచెం కోపం కూడా ఉంది, ఈయన ఎందుకొచ్చాడిక్కడికి అని.

"చూసిన అంకె చూసినట్టే రాశారు" అన్నాను. "తేడా వస్తే తేడా అనే రాశారు. ఇంటికొచ్చాక లెక్కలవాళ్ళు తీరంలో కొలిచిన గాలితో పోల్చి సరిచేసుకున్నారు. తర్వాత వెళ్ళినవాళ్ళు ఇంకా సరిచేశారు. మొదటివాళ్ళే దిద్దేసి ఉంటే తర్వాతివాళ్ళకు ఏం సరిచెయ్యాలో తెలిసేది కాదు."

"గట్ల ఉండాలె" అని ఆయన కూర్చున్నాడు.

ప్రసంగం అయ్యాక కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు. అన్న తన కప్పు పట్టుకుని నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మంచిగ చెప్పిన్రు సార్ అన్నాడు. గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

"మేనేజర్ సార్ పిలిచిండు సార్. పాత మేకు మీద పెట్టినవా అని అడిగిండు. నాకైతే యాదికొస్తలేదు. రెండు ఐతారాలు టోవా పాయో వోయి ఆ మేకుల కాడ నిలవడి చూసిన. కొత్త దాని మీదనే పెట్టిన అనిపిస్తది. మళ్ళ మీ బుక్కుల సున్నా వచ్చిందంటిరి. మీరు తప్పు చదువరు గద. అంటె నేనే పెట్టి ఉంట. నాదే తప్పు అని సంతకం వెట్టి ఇచ్చిన సార్."

ఆయన మనసులో ఉంటాయని నేను అనుకున్నవన్నీ వేరు. కోపం ఉంటుందనుకున్నాను, అనుమానం ఉంటుందనుకున్నాను. సెలవు రోజున రెండు రైళ్ళు మారి వెళ్ళి, ఒక గోడ ముందు నిలబడి, తన చెయ్యి ఏం చేసిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడని అనుకోలేదు. తన జ్ఞాపకానికీ నా పుస్తకానికీ తేడా వస్తే తన జ్ఞాపకాన్నే కొట్టేసుకున్నాడు.

అక్కడే చెప్పేశాను. అట్టముక్క, వాన, ఐదు మిల్లీమీటర్లు, లిఫ్టు దగ్గర మూడును ఎనిమిది చెయ్యడం. మేనేజరు అడిగితే అయ్యుండొచ్చు అన్న మాట కూడా దాచలేదు. టీ మీద తెట్టు కట్టేదాకా ఆయన కప్పులోకే చూశాడు.

"మళ్ళ కొడుదమా అని అడిగిన గద సార్" అన్నాడు.

"అడిగావన్నా."

ఆయన కప్పు చెత్తబుట్టలో వేసి, మెట్లెక్కి గదికి వెళ్ళిపోయాడు. హైదరాబాదీ మిత్రుడు వచ్చి "బహుత్ అచ్ఛా భాయ్, వచ్చే నెల కూడా మీరే" అంటున్నాడు. 

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలో ఆ అట్టముక్క బల్ల మీద పెట్టాను. పారెయ్యకుండా ఎందుకు దాచానో నాకే తెలియదు. ఆయన అంకెలు రెండుసార్లు కూడుకున్నాడు. ఐదు వచ్చింది. ఎందుకిలా చేశావని అడిగాడు. మూడు గంటలు మిగుల్చుకుందామని అన్నాను. వినడానికి చాలా చిన్న కారణంగా ఉంది. నిజానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

సరిచేసిన పట్టిక నా పేరుతోనే పై కాంట్రాక్టరుకు వెళ్ళింది. నా ఉద్యోగం పోలేదు, సంతకం పోయింది. నేను కొలిచినదాని మీద ఇంకొకరు సంతకం పెట్టాలి. ఎంతకాలమో చెప్పలేదు. అన్న రాసిచ్చిన కాగితం మేనేజరు చింపేశాడు, పర్మిట్ రెండేళ్ళకు రెన్యూ అయింది. ఆ సాయంత్రం రైల్లో నాకు హాయిగా నిద్రపట్టింది. అయిపోయిందనుకున్నాను.

ఆ వారమే ఇంకో సర్వేయరు వచ్చింది, మలేసియా నుంచి వచ్చిన చైనీస్ అమ్మాయి, చదువు ముగించి రెండేళ్ళు కూడా కాలేదు. ఎవరితో పని చేస్తావని మేనేజరు అన్నను అడిగాడు. ఆయన ఆ అమ్మాయి వైపు చూపించాడు. వాళ్ళిద్దరికీ ఉమ్మడి భాష లేదు, అంకెలు తప్ప.

మధ్యాహ్నం పరికరాల కంటైనర్ దగ్గర ఒంటరిగా దొరికితే అడిగాను. కోపం తగ్గలేదా అన్నా అని.

"కోపమేం లేదు సార్. మీరు పోయి చెప్పిన్రు, నా పర్మిట్ నిలవడ్డది." స్టాఫ్‌కు బట్ట తొడుగుతున్నాడు, మాట్లాడుతూనే దాని తాళ్ళు కట్టాడు. "గానీ సార్, స్టాఫ్ పట్టుకునెటోడు దాని ఎన్క నిలవడుతడు. అంకెలు మీ దిక్కు ఉంటయి. మీరేం చూసిన్రో, ఏం రాసిన్రో నాకు కనవడదు. ఆరేండ్లు గట్లనే పట్టిన. ఇప్పుడు మీ ముంగట నిలవడితే నా చెయ్యి నిలవదు సార్."

స్టాఫ్ భుజాన వేసుకుని, ఎండలో ఎదురుచూస్తున్న ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.